ఒకే పేరు, పది క్యాంపస్‌లు: అమెరికా ప్రభుత్వ యూనివర్సిటీ సిస్టమ్‌లపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో చదువుకు పిల్లల్ని పంపే మన ఇళ్లలో "యూటీలో (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌లో) సీటొచ్చింది", "కాలిఫోర్నియా యూనివర్సిటీలో వచ్చింది" అనే మాటలు తరచూ వినిపిస్తాయి. ఏ యూటీ, ఏ కాలిఫోర్నియా అని అడిగితే చాలామంది తడుముకుంటారు. లక్షలు అప్పు చేసి పంపుతున్న చదువు గురించి ఇంత తక్కువ తెలియడం మంచిది కాదు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ నిర్ణయం ఎవరు తీసుకుంటారో చట్టాల్లో, నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. నాకు బాగా తెలిసిన కాలిఫోర్నియాను ముందు పెట్టుకుని, అవసరమైన చోట టెక్సాస్‌, మిగతా రాష్ట్రాల సంగతులు కలిపి ఈ జవాబులు రాశాను.

యూనివర్సిటీ సిస్టమ్ అంటే అసలు ఏమిటి?

ఒక రాష్ట్రంలోని కొన్ని ప్రభుత్వ యూనివర్సిటీలను ఒకే పాలకమండలి కిందికి తెచ్చిన ఏర్పాటు. ఒక్కో క్యాంపస్‌కు సొంత అధిపతి, సొంత అధ్యాపకులు, సొంత అడ్మిషన్ ఆఫీసు, సొంత పేరుప్రతిష్ఠలు ఉంటాయి. వాటన్నిటికీ పైన ఒక బోర్డు, ఆ బోర్డు తరఫున పని నడిపే సిస్టమ్ ఆఫీసు ఉంటాయి. ఆ ఆఫీసులో క్లాసులు జరగవు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సిస్టమ్ ఆఫీసు ఓక్లాండ్‌లో ఉంది. అందులో ఒక్క విద్యార్థి కూడా చదవడు.

అంటే మన ఉస్మానియా, జేఎన్‌టీయూల కింద కాలేజీలు ఉన్నట్టేనా?

కాదు. మన అఫిలియేషన్ పద్ధతిలో సిలబస్ యూనివర్సిటీదే, పరీక్ష యూనివర్సిటీదే, డిగ్రీ యూనివర్సిటీదే. స్వయంప్రతిపత్తి లేని కాలేజీ పాఠం చెప్పి, హాల్ టికెట్లు పంచుతుంది. సిస్టమ్‌లోని క్యాంపస్ అలా కాదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా డేవిస్ క్యాంపస్‌లో పాఠం చెప్పే ప్రొఫెసరే ప్రశ్నపత్రం రాసి, తనే దిద్ది, తనే గ్రేడు వేస్తారు. అదే సిస్టమ్‌లోని బర్క్లీ క్యాంపస్‌కు దాంతో సంబంధం లేదు.

మన దేశంలో కొంత దగ్గరగా వచ్చేవి ఐఐటీలు. ఒక్కోటి విడి సంస్థ, విడి బోర్డు, అన్నిటినీ కలిపేందుకు 1961 చట్టం కింద ఒక కౌన్సిల్. అయితే ఐఐటీ కౌన్సిల్‌కు లేని పట్టు అక్కడి సిస్టమ్ బోర్డుకు ఉంటుంది. క్యాంపస్‌లకు విడి బోర్డులు లేకపోవడమే అందుకు కారణం.

యూసీ, కాల్ స్టేట్ ఒకటేనా?

రెండూ ప్రభుత్వానివే, కానీ వేర్వేరు సిస్టమ్‌లు. మన వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

యూసీ అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా. 1868లో పుట్టింది. పది క్యాంపస్‌లు: బర్క్లీ, డేవిస్, అర్వైన్, లాస్ ఏంజెలెస్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాన్ డియేగో, శాన్ ఫ్రాన్సిస్కో, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. అన్నిటికన్నా కొత్తది 2005లో తెరిచిన మెర్సెడ్. శాన్ ఫ్రాన్సిస్కోది వైద్య, ఆరోగ్య శాస్త్రాల క్యాంపస్, అక్కడ డిగ్రీ స్థాయి విద్యార్థులు ఉండరు.

కాల్ స్టేట్ అంటే కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ. చాలాకాలం 23 క్యాంపస్‌లుండేవి. 2025లో మారిటైమ్ అకాడమీని శాన్ లూయిస్ ఒబిస్పోలోని కాల్ పాలీలో కలిపాక 22 అయ్యాయి. మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లే శాన్ హోసే స్టేట్, ఈస్ట్ బే, లాంగ్ బీచ్, ఫుల్లర్‌టన్ అన్నీ ఇందులోవే.

ఈ విభజన అనుకోకుండా జరిగింది కాదు. 1960లో ఆ రాష్ట్రం ఉన్నత విద్యకు ఒక మాస్టర్ ప్లాన్ వేసుకుంది. హైస్కూలు పూర్తిచేసిన వాళ్లలో పై 12.5 శాతం మందిలోంచి యూసీ, పై మూడో వంతులోంచి కాల్ స్టేట్ విద్యార్థులను తీసుకోవాలి. కమ్యూనిటీ కాలేజీల తలుపులు అందరికీ తెరిచి ఉండాలి. పరిశోధన, పీహెచ్‌డీ ప్రధానంగా యూసీ బాధ్యత. కాల్ స్టేట్‌ది బోధన, మాస్టర్స్ డిగ్రీలు. కాల్ స్టేట్‌ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సంస్థను కట్టిందే చదువు చెప్పడం కోసం. సిలికాన్ వ్యాలీలో ఉద్యోగం చేయాలనుకునే విద్యార్థికి శాన్ హోసే స్టేట్ చాలా సరైన చోటు కావచ్చు.

యూసీ మీద అసలు అధికారం ఎవరిది?

రీజెంట్ల బోర్డుది. రీజెంట్లు అంటే పైన చెప్పిన పాలకమండలి సభ్యులే. మొత్తం 26 మంది. వాళ్లలో 18 మందిని గవర్నర్ నియమిస్తారు, రాష్ట్ర సెనేట్ ఆమోదించాలి, పదవీకాలం 12 ఏళ్లు. ఏడుగురు హోదా రీత్యా వస్తారు: గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అసెంబ్లీ స్పీకర్, రాష్ట్ర పాఠశాల విద్యాధిపతి, పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ఇద్దరు, యూసీ ప్రెసిడెంట్. మిగిలిన ఒక్కరు విద్యార్థి రీజెంట్. ఆ విద్యార్థిని రీజెంట్లే ఏడాదికి ఎంపిక చేస్తారు. మిగతా వాళ్లతో సమానంగా ఓటు ఉంటుంది. 1974లో రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన మార్పు ఇది. అప్పటిదాకా రీజెంట్ల పదవీకాలం 16 ఏళ్లుండేది, దాన్ని 12కి తగ్గించిందీ ఆ సవరణే.

పన్నెండేళ్లు ఎందుకంత ఎక్కువ అనిపించవచ్చు. గవర్నర్ పదవీకాలం నాలుగేళ్లు, రెండు సార్లకు మించి ఎన్నిక కాలేరు. కాబట్టి ఒక గవర్నర్ వేసిన రీజెంట్లు ఆ తర్వాతి గవర్నర్ హయాంలోనూ కొనసాగుతారు. ఎన్నిక గెలిచిన మర్నాడే బోర్డు మొత్తాన్ని మార్చేసే వీలు ఎవరికీ లేదు. మన దగ్గర ప్రభుత్వం మారగానే వైస్ ఛాన్సలర్ల రాజీనామాల కబుర్లు వింటూ పెరిగిన నాకు ఈ ఏర్పాటు మీద చాలా గౌరవం.

ప్రభుత్వ యూనివర్సిటీ కదా, అసెంబ్లీ చట్టం చేస్తే వినాల్సిందేగా?

కాల్ స్టేట్ వినాలి. యూసీ చాలా విషయాల్లో వినక్కర్లేదు.

1879 నాటి కాలిఫోర్నియా రాజ్యాంగం తొమ్మిదో అధికరణం యూసీని ప్రజల తరఫున నడిచే ట్రస్టుగా ప్రకటించి, రాజకీయ, మతపరమైన ప్రభావాలకు దూరంగా ఉంచాలని చెప్పింది. నిర్వహణ అధికారం రీజెంట్లకే ఇచ్చింది. అందుకే శాసనసభ చేసే చట్టాల్లో కాల్ స్టేట్ "చేయాలి" అని ఉన్నచోట యూసీ రీజెంట్లను "కోరుతున్నాం" అని ఉంటుంది. 2020లో ఎథ్నిక్ స్టడీస్ (జాతి, వర్ణ సమూహాల చరిత్ర, సంస్కృతి) కోర్సు ఒకటి తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చినప్పుడు అది కాల్ స్టేట్‌కే వర్తించింది.

అలాగని శాసనసభ చేతులు ముడుచుకుని కూర్చోదు. బడ్జెట్ దాని చేతిలోనే ఉంది. మా రాష్ట్రం పిల్లలను ఇంతమందిని ఎక్కువ చేర్చుకుంటే ఇంత సొమ్ము అని షరతు పెట్టగలదు, పెడుతుంది కూడా.

ఈ రక్షణ గోడ లోపలి వాళ్ల తప్పులను ఆపదన్న సంగతీ చెప్పాలి. 1949లో రీజెంట్లే అధ్యాపకులందరూ కమ్యూనిస్టు వ్యతిరేక ప్రమాణం చేయాలని పట్టుబట్టారు. సంతకం చేయనని నిలబడ్డ 31 మంది అధ్యాపకులను 1950లో తొలగించారు. రెండేళ్లకు రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి తీసుకోమంది. 1967 జనవరిలో, రోనాల్డ్ రీగన్ గవర్నర్ అయిన నెలలోనే, మాస్టర్ ప్లాన్ రూపకర్త అయిన ప్రెసిడెంట్ క్లార్క్ కెర్‌ను రీజెంట్లు ఓటింగ్ పెట్టి ఇంటికి పంపారు. రాజ్యాంగంలో ఏం రాసుకున్నా, బోర్డులో కూర్చున్న మనుషుల్ని బట్టే చివరికి స్వేచ్ఛ నిలబడుతుంది.

ఛాన్సలర్ పెద్దా, ప్రెసిడెంట్ పెద్దా?

సిస్టమ్‌ని బట్టి మారుతుంది. యూసీలో మొత్తం సిస్టమ్ అధిపతి ప్రెసిడెంట్, ఒక్కో క్యాంపస్ అధిపతి ఛాన్సలర్. కాల్ స్టేట్‌లోనూ, టెక్సాస్‌లోనూ సరిగ్గా తిరగేసి ఉంటుంది: సిస్టమ్ మొత్తానికి ఛాన్సలర్, క్యాంపస్‌కు ప్రెసిడెంట్. 2025లో జేమ్స్ మిల్లికెన్ టెక్సాస్ సిస్టమ్ ఛాన్సలర్ పదవి వదిలి యూసీ ప్రెసిడెంట్ అయ్యారు. పేరు మారినా పని అదే తరహాది. హ్యూస్టన్ సిస్టమ్‌లో ఇంకో పద్ధతి. 2008 నుంచి అక్కడ సిస్టమ్ ఛాన్సలర్, ప్రధాన క్యాంపస్ ప్రెసిడెంట్ రెండూ భారతదేశంలో పుట్టిన రేణు ఖటోర్ గారే.

మన దగ్గర గవర్నర్‌కు ఉండే ఛాన్సలర్ హోదాతో వీటిని పోల్చకండి. అక్కడ ఛాన్సలర్ అంటే పొద్దున్నించి సాయంత్రం దాకా పనిచేసే జీతగాడు, ఉత్సవాలకు వచ్చి కూర్చునే అతిథి కాదు.

సిలబస్, డిగ్రీలు, మార్కులు ఎవరు నిర్ణయిస్తారు?

అధ్యాపకులు. యూసీలో అధ్యాపకుల సంస్థ పేరు అకడమిక్ సెనేట్. 1919, 1920లలో బర్క్లీ అధ్యాపకులు ప్రెసిడెంట్ ఏకపాలన మీద తిరగబడి సాధించుకున్న హక్కులు ఇప్పటికీ దానికి పునాది. ఏ కోర్సు పెట్టాలి, డిగ్రీకి ఏం చదవాలి, అడ్మిషన్‌కి కనీస అర్హతలేమిటి అన్నవి రీజెంట్ల ఆమోదానికి లోబడి సెనేట్ చూస్తుంది. ఒక ప్రొఫెసర్‌కు పదోన్నతి ఇవ్వాలంటే ముందుగా తోటి అధ్యాపకుల కమిటీ ఆ ఫైలు చదవాలి. దీన్ని అక్కడ భాగస్వామ్య పాలన అంటారు. పనులు నెమ్మదిగా నడుస్తాయి, కొత్త కోర్సు మొదలుపెట్టడానికి ఏళ్లు పట్టవచ్చు. కానీ నా దృష్టిలో ఆ సిస్టమ్‌ను గొప్పది చేసింది ఇదే. డబ్బు సంగతి బోర్డు చూసుకుంటుంది, చదువు సంగతి చదువు చెప్పేవాళ్లు చూసుకుంటారు.

దీనికీ మినహాయింపు ఉంది. 2020 మేలో యూసీ అడ్మిషన్లలో శాట్ అనే ప్రవేశ పరీక్షను తీసేయాలని రీజెంట్లు తీర్మానించారు. సెనేట్ మాత్రం అప్పటికి దాన్ని ఉంచాలనే సిఫార్సు చేసింది. చివరి మాట బోర్డుదేనని మళ్లీ తేలింది.

ఫీజులు?

మూల ట్యూషన్ రీజెంట్లు నిర్ణయిస్తారు, అది సిస్టమ్ అంతటా ఒకటే. బర్క్లీ కాబట్టి ఎక్కువ, మెర్సెడ్ కాబట్టి తక్కువ అని ఉండదు. వేరే రాష్ట్రాల, వేరే దేశాల విద్యార్థులు దాని మీద అదనపు ట్యూషన్ కడతారు. క్యాంపస్ ఫీజులు, హాస్టల్, కొన్ని ప్రొఫెషనల్ డిగ్రీల ప్రత్యేక ఫీజులు చోటును బట్టి మారతాయి. 2022 నుంచి యూసీలో డిగ్రీలో చేరే ఒక్కో బ్యాచ్‌కి చేరినప్పటి ట్యూషన్‌నే ఆరేళ్ల వరకు స్థిరంగా ఉంచే పద్ధతి వచ్చింది. బడ్జెట్ వేసుకునే తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట.

బయటి విద్యార్థులు ఎక్కువ ఫీజు కడతారు కాబట్టి వాళ్లనే నింపుకుంటారేమో అన్న ఆందోళన కాలిఫోర్నియాలో చాలా ఉంది. అందుకే 2017లో రీజెంట్లు డిగ్రీ స్థాయిలో బయటివాళ్ల వాటాకు 18 శాతం పరిమితి పెట్టారు. అప్పటికే దాన్ని దాటేసిన బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో, అర్వైన్‌లను అప్పుడున్న స్థాయి దగ్గరే ఆపారు.

ఒక్క అప్లికేషన్ పెడితే అన్ని క్యాంపస్‌లకూ వెళ్తుందా?

యూసీలో డిగ్రీకైతే ఫారం ఒకటే, శాన్ ఫ్రాన్సిస్కో కాక మిగతా తొమ్మిది క్యాంపస్‌లలో మీరు టిక్ పెట్టిన వాటికే వెళ్తుంది, ఒక్కోదానికి విడిగా రుసుము కట్టాలి. నిర్ణయం ఏ క్యాంపస్‌దా క్యాంపస్‌దే. లాస్ ఏంజెలెస్ వద్దన్నది శాన్ డియేగోకి తెలియదు, అవసరమూ లేదు.

ఎమ్మెస్, పీహెచ్‌డీలకు ఆ ఉమ్మడి ఫారం కూడా లేదు. క్యాంపస్‌కు ఒకటి, విభాగానికి ఒక గడువు. ఇక్కడ సిస్టమ్ పేరు చూసి ఏమీ అనుకోకూడదు, విభాగం పేజీ చదవాలి.

మేము కాలిఫోర్నియాలోనే ఉంటాం. మా అమ్మాయికి అడిగిన క్యాంపస్‌లు ఏవీ రాకపోతే?

రాష్ట్ర నివాసి అయి, రాష్ట్రంలోగానీ తన హైస్కూల్లోగానీ పై 9 శాతంలో ఉంటే, ఖాళీ ఉన్న మరో క్యాంపస్‌లో సీటు ఇవ్వజూపుతారు. ఎక్కువగా అది మెర్సెడ్ అవుతుంది. చాలా తెలుగు కుటుంబాలు దాన్ని చూడకుండానే పక్కన పెడుతున్నాయి. ఇంజనీరింగ్ కావాలనుకునే అమ్మాయి చిన్న క్యాంపస్‌లో మొదటి ఏడాదే ప్రొఫెసర్ ల్యాబ్‌లో పనిచేసే అవకాశం పొందవచ్చు. ఒకసారి వెళ్లి చూసి అప్పుడు కాదనండి.

రెండో దారి కమ్యూనిటీ కాలేజీ. అక్కడ రెండేళ్లు చదివి బదిలీ కావచ్చు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరూ నిర్ణీత మార్కులు, కోర్సులు ఉంటే ముందే సీటు హామీ ఇస్తాయి. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఇవ్వవు.

టెక్సాస్‌లో యూటీ డల్లాస్, యూటీ ఆర్లింగ్టన్, యూఎన్‌టీ, యూఎన్‌టీ డల్లాస్... ఏది ఎవరిది?

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఈ గందరగోళమూ అంత ఉంది.

యూటీ డల్లాస్, యూటీ ఆర్లింగ్టన్, యూటీ ఆస్టిన్ ఒకే సిస్టమ్‌లోని వేర్వేరు యూనివర్సిటీలు. యూఎన్‌టీ అంటే నార్త్ టెక్సాస్, దానిది వేరే సిస్టమ్. ప్రధాన క్యాంపస్ డెంటన్‌లో ఉంది. యూఎన్‌టీ డల్లాస్ ఆ సిస్టమ్‌లోనే ఇంకో విడి యూనివర్సిటీ. యూటీ డల్లాస్‌కీ యూఎన్‌టీ డల్లాస్‌కీ ఊరి పేరు తప్ప చుట్టరికం లేదు. ఆ మాటకొస్తే యూటీ డల్లాస్ చాలావరకు రిచర్డ్‌సన్‌లో ఉంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వ్యవస్థాపకులు తమకు కావలసిన శాస్త్రవేత్తల కోసం పెట్టుకున్న పరిశోధన కేంద్రం 1969లో యూటీ సిస్టమ్‌లో చేరి యూనివర్సిటీ అయింది. ఆర్లింగ్టన్ చరిత్ర ఇంకా ఆసక్తికరం. 1965 దాకా అది పోటీదారైన టెక్సాస్ ఏ అండ్ ఎం సిస్టమ్‌లో ఉండేది.

యూటీ బోర్డులో తొమ్మిది మంది రీజెంట్లు, గవర్నర్ నియామకం, ఆరేళ్ల పదవి. విద్యార్థి రీజెంట్ ఉంటారు కానీ ఓటు లేదు. కాలిఫోర్నియాతో పోలిస్తే ఇక్కడ గవర్నర్ మాట బోర్డులో త్వరగా చెల్లుతుంది. రెండేళ్లకోసారి ముగ్గురిని మార్చే అవకాశం వస్తుంది మరి.

ఒకే సిస్టమ్ అయితే డబ్బు సమానంగా పంచుతారా?

పంచరు. టెక్సాస్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 1876 రాజ్యాంగం పశ్చిమ టెక్సాస్‌లో పనికిరాదనుకున్న బీడు భూములను యూనివర్సిటీకి రాసిచ్చింది. ఇప్పుడవి దాదాపు 21 లక్షల ఎకరాలు. 1923లో శాంటా రీటా బావిలో చమురు పడింది. ఆ రాబడితో పెరిగిన శాశ్వత నిధి మీద వచ్చే ఆదాయం మూడింట రెండొంతులు యూటీ సిస్టమ్‌కు, ఒక వంతు ఏ అండ్ ఎం సిస్టమ్‌కు. యూటీ వాటాలోంచి రోజువారీ బోధన, పరిశోధనల ఖర్చుకు సొమ్ము అందుకునేది ఆస్టిన్. డల్లాస్, ఆర్లింగ్టన్ లాంటివి ఆ నిధి ఆధారంగా తెచ్చిన బాండ్లతో భవనాలు కట్టుకోగలవు, జీతాలు ఇవ్వలేవు. ఒకే బోర్డు కింద ఉన్న క్యాంపస్‌ల మధ్య తేడా ఎందుకుందో వెతికితే సమాధానం చాలాసార్లు ఇలాంటి పాత నిబంధనల్లో దొరుకుతుంది.

సర్టిఫికెట్ మీద ఏ పేరు ఉంటుంది?

యూసీ, యూటీల్లో క్యాంపస్ పేరు స్పష్టంగా ఉంటుంది, అక్రెడిటేషన్ (విద్యాసంస్థకు ఇచ్చే గుర్తింపు) కూడా క్యాంపస్‌కి విడిగానే. పెన్సిల్వేనియాలోని పెన్ స్టేట్ ఇందుకు భిన్నం. అక్కడ ఎన్ని ఊళ్లలో శాఖలున్నా మొత్తం ఒకే యూనివర్సిటీ, ఒకే అక్రెడిటేషన్. ఏ ఊళ్లో చదివినా డిగ్రీ పెన్ స్టేట్‌దే. కాబట్టి ఉమ్మడి పేరు చూడగానే అడగాల్సింది ఒకటే: ఈ క్యాంపస్‌కు విడిగా గుర్తింపు ఉందా, లేక పెద్ద యూనివర్సిటీలో భాగమా?

ఇల్లినాయ్‌లో ఇంకో చిక్కు. యూనివర్సిటీ ఆఫ్ ఇల్లినాయ్ షికాగో రాష్ట్ర సిస్టమ్‌లోని క్యాంపస్. యూనివర్సిటీ ఆఫ్ షికాగో పూర్తిగా ప్రైవేటు.

ఒక క్యాంపస్‌లో చేరి అదే సిస్టమ్‌లో ఇంకో క్యాంపస్‌కు సులభంగా మారొచ్చా?

అనుకున్నంత సులభం కాదు. ఆర్లింగ్టన్ నుంచి డల్లాస్‌కు మారాలన్నా మళ్లీ అప్లై చేయాలి, సీటు రావాలి, ఎఫ్-1 (విద్యార్థి) వీసా ఉంటే సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లోని రికార్డు బదిలీ చేయించుకుని, కొత్త యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 అనే అర్హత పత్రం తీసుకోవాలి. అక్కడ చదివిన క్రెడిట్లలో ఎన్నిటిని ఒప్పుకోవాలో కొత్త విభాగం నిర్ణయిస్తుంది. "ముందు ఎక్కడో చేరు, తర్వాత ఆస్టిన్‌కి మారిపోవచ్చు" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ప్రధాన క్యాంపస్ కాకపోతే విలువ ఉంటుందా?

విస్కాన్సిన్ చూడండి. 1971లో ఆ రాష్ట్రం రెండు సిస్టమ్‌లను కలిపి ఒకటి చేసింది. అందరికీ తెలిసిన పేరు మాడిసన్. వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు సాహిత్యం బోధించింది అక్కడే. అయితే హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేసింది మాడిసన్‌లో కాదు, అదే సిస్టమ్‌లోని మిల్వాకీలో. ఒక్క ఉదాహరణతో సూత్రం కట్టలేం కానీ, విభాగం, ప్రొఫెసర్లు, ఊళ్లో ఉద్యోగాలు చూసి ఎంచుకోవాలి తప్ప సిస్టమ్‌లో ఎన్నో స్థానమని చూసి కాదు.

అన్ని రాష్ట్రాల్లోనూ బోర్డును గవర్నరే నియమిస్తారా?

లేదు. మిషిగన్‌లో ఎనిమిది మంది రీజెంట్లను రాష్ట్ర ఓటర్లే ఎన్నుకుంటారు. నెబ్రాస్కా, కొలరాడోల్లోనూ ఎన్నికలే. మినెసోటా, నార్త్ కరొలైనాల్లో శాసనసభ ఎన్నుకుంటుంది. అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లు చాలామంది బ్యాలెట్ మీద ప్రెసిడెంటు పేరు చూసి ఆపేస్తారు. రీజెంట్లను ఓటర్లే ఎన్నుకునే రాష్ట్రాల్లో కింద వాళ్ల పేర్లు కూడా ఉంటాయి. మన పిల్లల ఫీజు నిర్ణయించేది వాళ్లే.

బోర్డు క్యాంపస్‌ను మూసేయగలదా?

మూసేయగలదు. 2025 మేలో పెన్ స్టేట్ ట్రస్టీలు ఏడు చిన్న క్యాంపస్‌లను 2027 వసంతకాలపు సెమిస్టర్ తర్వాత మూసేయాలని ఓటు వేశారు. పల్లె ప్రాంతాల్లో విద్యార్థులు తగ్గడం ముఖ్య కారణం. ఇండియానా యూనివర్సిటీ, పర్డ్యూ యూనివర్సిటీల ఉమ్మడి క్యాంపస్‌గా ఇండియానాపొలిస్‌లో ఉండి, మన విద్యార్థులు చాలామంది చదివిన ఐయూపీయూఐ కూడా 2024 జులైలో ఆ రెండిటి మధ్య విడిపోయింది. చేరే ముందు ఆ క్యాంపస్‌లో విద్యార్థుల సంఖ్య పెరుగుతోందా, తగ్గుతోందా అని చూసుకోవడం మంచిది. ఆ లెక్కలు క్యాంపస్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి.

మన రాష్ట్రాల్లో ఇలాంటిది లేదా?

దగ్గరగా వచ్చింది ఆర్‌జీయూకేటీ, అంటే మనం ట్రిపుల్ ఐటీలని పిలిచే రాజీవ్ గాంధీ యూనివర్సిటీ. పల్లెటూరి పిల్లల కోసం 2008 చట్టంతో బాసర, నూజివీడు, ఇడుపులపాయ క్యాంపస్‌లుగా మొదలైంది. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకు వెళ్లింది, ఆంధ్రలో శ్రీకాకుళం, ఒంగోలు చేరాయి. అయితే అక్కడ క్యాంపస్‌కు డైరెక్టర్ ఉంటారు తప్ప సొంత సెనేట్, సొంత డిగ్రీ లేవు. కాబట్టి అది యూసీ కన్నా పెన్ స్టేట్ నమూనాకు దగ్గర. జేఎన్‌టీయూ దీనికి ఎదురు దారిలో నడిచింది. 1972 నుంచి ఒకే యూనివర్సిటీగా ఉన్న హైదరాబాద్, కాకినాడ, అనంతపురం క్యాంపస్‌లు 2008లో విడి యూనివర్సిటీలయ్యాయి, పైన ఉమ్మడి బోర్డేదీ మిగలలేదు.

సమస్య వస్తే ఎవరికి చెప్పుకోవాలి? సిస్టమ్ ఆఫీసుకు రాయొచ్చా?

గ్రేడు, గైడుతో ఇబ్బంది లాంటివి ముందు విభాగానికి, తర్వాత డీన్‌కు చెప్పాలి. చాలా క్యాంపస్‌లలో ఆంబడ్స్ ఆఫీసు ఉంటుంది. గోప్యంగా విని దారి చూపిస్తుంది. వీసా విషయాలకు ఇంటర్నేషనల్ ఆఫీసు. సిస్టమ్ ఆఫీసుకు నేరుగా రాస్తే దాదాపు ఎప్పుడూ క్యాంపస్‌కే తిప్పి పంపుతారు, ఆ మధ్యలో గడువు దాటిపోవచ్చు.

ఫీజు పెంపు లాంటి విధాన నిర్ణయాల మీద మాట్లాడాలంటే బోర్డు సమావేశానికి వెళ్లాలి. యూసీ రీజెంట్ల సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, ఆన్‌లైన్‌లో ప్రసారమవుతాయి, ఎజెండా ముందుగానే పెడతారు. ప్రజలు మాట్లాడేందుకు విడిగా సమయం కేటాయిస్తారు. పేరు నమోదు చేసుకుంటే ఏ విద్యార్థి అయినా, వీసా మీద ఉన్నవాళ్లయినా, కొద్ది నిమిషాలు రీజెంట్ల ఎదుట తన మాట చెప్పవచ్చు.